రేవు వైపు పీట

గురువుగారు రోగుల్ని సరిగా చూడడంలేదని వేదాద్రికి లోలోపల బాధగా ఉండేది.

గురువు చిదంబరస్వామి గోదావరి లంకలో ఉండే వైద్యుడు. ఇప్పుడు మనం క్యాన్సర్ అంటున్న రాచపుండును కోసి తీయడంలో చేయి తిరిగినవాడు. అలాంటి మనిషి రోజంతా అరుగు మీద కూర్చుని రేవుకేసి చూస్తుండేవాడు. రోగి వచ్చి కూర్చున్నాక రెండు మాటలాడి, కోయాలో వద్దో తేల్చేసేవాడు.

వేదాద్రి అలా కాదు. రేవుకు వీపు పెట్టి, మందుల అలమరకు ఎదురుగా పీట వేసుకునేవాడు. వయసడిగి, నాలుక చూసి, నాడి పట్టి మరీ చెప్పేవాడు. మొన్న అరవై ఏళ్ళ మోతుబరిని గురువు కోయకుండా, నొప్పికి మందిచ్చి పంపేస్తే వేదాద్రికి మింగుడుపడలేదు.

ఆషాఢంలో ఎర్రనీరు వచ్చిన రోజుల్లో పోలయ్య అనే ముసలాయన వచ్చాడు. మెడ పక్కన నిమ్మకాయంత పుండు.

"వయసెంత తాతా?"

"డెబ్బై తొమ్మిదో, ఎనభయ్యోనండి."

వేదాద్రి ఇక నాడి కూడా పట్టలేదు. "ఈ వయసులో కోత తట్టుకోలేవు. నొప్పి తగ్గడానికి లేపనం ఇస్తాను, రాసుకో. ఉన్నన్నాళ్ళు హాయిగా ఉండు."

పోలయ్య కాసేపు లేపనం బరిణెను చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత దణ్ణం పెట్టి లేచాడు.

"వేదాద్రీ, తాతతో అవతలి ఒడ్డు దాకా వెళ్ళిరా" అన్నాడు గురువు.

రేవులో ఒక్క పడవే ఉంది. "నడిపేవాడేడీ?" అన్నాడు వేదాద్రి.

"నేనేనండి. ఎక్కండి బాబూ, నేనే మళ్ళీ తెచ్చి దింపుతాను."

వేదాద్రికి సిగ్గేసింది. నాలుగు బారలు వెళ్ళాక, "నువ్వు కూర్చో తాతా" అని పడవ తోసే గెడ లాక్కున్నాడు. అడుగున గెడ ఆనిందో లేదో, పడవ గిర్రున తిరిగింది. పట్టు తప్పి, చల్లటి నీళ్ళలో మోచేతుల దాకా మునిగి, పడవలో కూలబడ్డాడు.

పోలయ్య గెడ అందుకున్నాడు. దాన్ని భుజానికి ఆన్చి, పడవ అంచు మీద ముందు నుంచి వెనక్కి నడుస్తూ తోశాడు. మళ్ళీ ముందుకు వచ్చాడు, మళ్ళీ నడిచాడు. పడవ ఆ ఎర్రటి వరదకు అడ్డంగా, నిదానంగా కదిలింది. జానెడు వెడల్పు అంచు మీద ఆ పాదాలు ఒక్కసారీ తడబడలేదు. ఊపిరి పెరగలేదు. ఇన్నేళ్ళుగా శరీరాల గురించి చదువుకున్న వేదాద్రి, శరీరాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నవాడిలా నోరు తెరుచుకుని చూశాడు. గుడిలో కూడా అతనికి అంత భయభక్తులు కలగలేదు.

"ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు తాతా?"

"మీరు వయసడిగేరండి. వయసు చెప్పేను."

వేదాద్రి ఒడ్డున దిగలేదు. "పడవ తిప్పు తాతా" అన్నాడు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి పొయ్యి మీద నీళ్ళలో కత్తులు మరుగుతున్నాయి. గురువు పోలయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, పుండు చుట్టూ తడిమి చూశాడు.

"నీకేం కావాలి పోలయ్యా?"

"కోసేక గెడ పట్టగలనా సామీ? పట్టలేనంటే మాత్రం నన్నిలాగే వొదిలెయ్యండి."

"పుండు కండలోకి దిగలేదు. నలభై రోజులు గెడ ముట్టుకోకూడదు. ఆ తర్వాత నీ చెయ్యి నీదే."

"అయితే కొయ్యండి."

కత్తులు తీయబోతూ వేదాద్రి ఆగాడు. "మరి ఆ అరవై ఏళ్ళాయన, గురువుగారూ?"

"రేవు నుంచి ఈ అరుగు దాకా రావడానికి మూడుసార్లు కూలబడ్డాడు నాయనా."

మర్నాడు ఉదయం వేదాద్రి తన పీటను అలమర ముందు నుంచి తెచ్చి, అరుగు మీద గురువు పక్కన వేసుకున్నాడు. రేవులో ఏదో పడవ ఆగింది. అందులోంచి ఎవరో దిగుతున్నారు.