గోడవైపు కుర్చీ

వేణుగిరి రాజావారికి మధ్యాహ్న భోజనం దగ్గర ఒక ఆలోచన పుట్టింది. ఫుట్‌బాల్ మైదానం తవ్వించి, అక్కడ మోటారు కార్లకు షెడ్డు కట్టించాలని.

నిజానికి ఆలోచన ఆయనది కాదు, పక్కన కూర్చున్న హోబర్ట్ దొరది. దొరది అమెరికా. మద్రాసులో కార్లు అమ్ముతూ తొమ్మిదేళ్లలో తెలుగు నేర్చుకున్నాడు. మొహమాటం మాత్రం నేర్చుకోలేదు.

"నిన్న మీ ఆట చూశాను రాజావారూ. ఇరవై రెండుమంది గంటన్నర పరిగెత్తారు. చివరికి సున్నాకి సున్నా. నాకు నిద్రొచ్చింది. మా దేశపు ఫుట్‌బాల్‌లో బంతి పట్టుకుని అవతలి గీత దాటితే పాయింట్లు, ఒక్క పూటకి నలభై."

నలభై అనగానే రాజావారి కళ్లు మెరిశాయి. ఏదైనా సరే, ఎక్కువ ఉంటే మంచిదని ఆయన నమ్మకం.

గుమ్మం దగ్గర కోట జట్టు కెప్టెన్ అప్పలస్వామి మొహం వాడిపోయింది. ఊళ్లో ఇంకో మైదానం లేదు. షెడ్డు లేస్తే జట్టు లేనట్టే.

అప్పుడే గవర్రాజు గోడగడియారానికి కీ ఇవ్వడానికి వచ్చాడు. దివాణంలో గడియారాలన్నీ అతని చేతిలోనే ఉంటాయి. అప్పలస్వామి అతని చెవిలో, "ఏదో ఒకటి అనండి బాబూ" అన్నాడు.

గవర్రాజు కీ తిప్పుతూనే అడిగాడు. "దొరగారూ, ఆ నలభైకి ఎన్నిసార్లు గీత దాటాలి?"

"ఆరేడు సార్లు. దాటినప్పుడల్లా ఆరు పాయింట్లు."

"ఓహో, ఆరుతో హెచ్చవేసుకుంటారన్నమాట. అయితే రేపట్నుంచి మేమూ గోలుకి వంద చొప్పున వేసుకుంటాం. మీకు నిద్ర పట్టదు."

రాజావారు మీసాల చాటున నవ్వుకున్నారు. దొర నవ్వలేదు.

"మీ ఆట ఎంతసేపండీ?" గవర్రాజు మళ్లీ అడిగాడు.

"గంట."

"ఇంటికి బయల్దేరేది?"

"రెండున్నర గంటల తర్వాత. మధ్యమధ్య ఆపుతాం. గుంపుగా నిలబడి ఆలోచించుకుంటాం."

"అంటే మీరు నిలబడి ఆలోచించుకునే గంటన్నరలో మావాళ్లు ఆట మొత్తం ఆడేస్తారు."

దొర మొహం ఎర్రబడింది. "ఆడితే ఏం లాభం? గోలు తప్ప చూడ్డానికి అందులో ఏముంది?"

"ఇంకేమీ లేదంటారా?"

"లేదు."

"అయితే రేపు రైల్వే జట్టుతో ఆట ఉంది. మీ కుర్చీ గోడవైపు తిప్పి వేయిస్తాను. పావుగంట అలా కూర్చోండి. గోలు పడితే నేనే పిలుస్తాను, అప్పుడు చూడొచ్చు. నేను పిలవకుండా మీరు తిరగకపోతే షెడ్డుకి మొదటి గునపం నేనే వేస్తాను. తిరిగారా, మైదానం జోలికి రాకూడదు."

"పావుగంటేనా? గంట కూర్చోమన్నా కూర్చుంటాను."

"సరే" అన్నారు రాజావారు.

మర్నాడు సాయంత్రం మూడువేలమంది జనం. దొర గోడకెదురుగా కాలు మీద కాలేసుకుని పేపరు విప్పాడు. గవర్రాజు వెనక నిలబడి జేబు గడియారం తీశాడు.

మూడు నిమిషాలు. దొర పేజీ తిప్పాడు.

అయిదు నిమిషాలు. జనం ఒక్కసారిగా "హో" అన్నారు. తర్వాత నిట్టూర్చారు. దొర ఆ పేజీలోనే ఉండిపోయాడు. మెడ మాత్రం కాస్త బిగిసింది.

ఏడో నిమిషంలో అరుపులన్నీ ఆగిపోయాయి. మూడువేలమందిలో ఒక్కరూ దగ్గలేదు. రైల్వే కుర్రాడొకడు అందర్నీ తప్పించుకుని బంతితో ఒంటరిగా దూసుకొస్తున్నాడు. అడ్డంగా ఉన్నది గోల్‌కీపరు ఒక్కడే.

ఆ నిశ్శబ్దం దొర వీపు మీద బరువుగా పడింది. పేపరు ఒళ్లోంచి జారింది. దొర కుర్చీతో సహా గిర్రున ఇటు తిరిగాడు.

బంతి గోలు స్తంభానికి తగిలి బయటికి పోయింది.

"అరెరె" అన్నాడు దొర, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని.

గవర్రాజు గడియారం చూసి నెమ్మదిగా వంగాడు.

"గోలు పడలేదు దొరగారూ. నేను పిలవనూ లేదు. మరి ఏం చూద్దామని తిరిగారు?"

మొదట, పక్క వరసలో కూర్చున్న అప్పలస్వామి భార్య పకపకా నవ్వింది. ఆ తర్వాత ఆ వరస మొత్తం, ఆ తర్వాత మైదానమంతా.

రాజావారు ఎప్పుడు లేచారో, తలపాగా ఎక్కడ పడిందో ఆయనకే తెలీదు. కుర్చీ మీద నిలబడి ఉన్నారు. నవ్వుతూనే వేలి ఉంగరం తీసి, బంతి మీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాచారు.

"మైదానం జట్టుదే. ఉంగరం నీదే గవర్రాజూ. తీసుకుని పక్కకి జరుగు, ఆట కనపడ్డం లేదు."