వెనక వరస

ఒంగోలు కచేరీతో గాలిమర బ్యాండు ముక్కలయింది. ముక్కలు చేసింది తాను కాదని ఫణి గట్టి నమ్మకం.

గాలిమర అంటే ముగ్గురు. పాడుతూ గిటారు వాయించేది ఫణి, బేస్ గిటారు సరయు, డ్రమ్ములు యోబు. వెనక కంపెనీ లేదు, మేనేజరు లేడు. ఒక పాత వ్యాను ఉంది. అందులో స్పీకర్లూ డ్రమ్ములూ పోగా మిగిలిన సందులో ఒకరు పడుకుంటే, ఒకరు బండి నడిపేవారు, ఇంకొకరు నడిపేవాళ్ళకి నిద్ర రాకుండా కబుర్లు చెప్పేవారు. కాలేజీ పండగలు, కాఫీ హోటళ్ళ మేడలు, ఎవరు పిలిస్తే అక్కడికి పోయి, తమ పోస్టరు తామే అంటించుకుని, తాము కట్టిన పాటలే పాడి వచ్చేవారు. పెళ్ళిలో సినిమా పాటలు పాడమంటే మాత్రం పాడేవాళ్ళు కాదు. ఆ పౌరుషం ముగ్గురికీ సమానంగానే ఉండేది.

స్టేజీ మీద పాడేవాళ్ళ కాళ్ళ దగ్గర చిన్న స్పీకరొకటి పెడతారు. దాన్ని మానిటర్ అంటారు. అది జనం కోసం కాదు, స్టేజీ మీద ఉన్నవాళ్ళు తమ గొంతులూ వాయిద్యాలూ తాము వినడానికి. కచేరీకి ముందు సౌండు చూసే మనిషి వచ్చి, మీ మానిటర్లో ఏం పెట్టమంటారని అడుగుతాడు. ఏ ఊళ్ళో అడిగినా ఫణి జవాబు ఒక్కటే. "నా గొంతు పెంచు. ఇంకొంచెం పెంచు. మిగతావి తగ్గించు."

అలా పాడుతున్నంతసేపూ అతనికి తన గొంతు తప్ప మరొకటి సరిగా వినబడేది కాదు. అతనికి అది హాయిగా ఉండేది.

ఒంగోలులో ఆఖరి పాట. చరణం జోరుగా సాగుతోంది. ఉన్నట్టుండి యోబు సగం తాళం మింగేసి, ఉండకూడని చోట గబగబా ఒక చిన్న దరువు వేశాడు. డ్రమ్ములు సరిగ్గా వీపు వెనకే ఉన్నాయి గనక ఆ మాత్రమైనా ఫణి చెవిన పడింది. సరయు బేసు కూడా ఆ దరువు వెంటే ఒక్క ఊపు ఊగింది. జనం ఏమీ పట్టించుకోలేదు, ఈలలు వేశారు. ఫణికి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

సామాను వ్యానుకి ఎక్కిస్తుండగా, కాలేజీ వాళ్ళందరూ చుట్టూ ఉండగానే, నోరు జారాడు.

"చరణం మధ్యలో ఆ కుప్పిగంతులేంది యోబూ? తాళం నిలపడం రాకపోతే పోయి చర్చిలోనే కొట్టుకో."

యోబు డ్రమ్ములు నేర్చుకున్నది గిద్దలూరు చర్చిలో, వాళ్ళ నాన్న పాటలు పాడించే చోట. ఆ సంగతి ఫణికి తెలుసు. తెలిసే అన్నాడు.

యోబు డ్రమ్ములన్నీ సంచుల్లో సర్ది, జిప్పులు బిగించి, వ్యానెక్కి కూర్చున్నాడు. తెల్లవారి గిద్దలూరు వచ్చాక బండి ఆపమన్నాడు. డ్రమ్ములు ముగ్గురూ కలిసి కొన్నవి గనక వాటిని ముట్టుకోలేదు. డ్రమ్ములు కొట్టే తన పుల్లల జత మాత్రం తీసుకుని దిగాడు.

"మరి శనివారం కడపకి?" అని అడిగింది సరయు.

"తాళం వచ్చినోణ్ణి సూసుకోండి" అని వెళ్ళిపోయాడు.

కర్నూలులో ఫణిని దింపేటప్పుడు సరయు స్టీరింగు మీద నుంచి చేతులు తీయకుండానే చెప్పింది. "యోబు రాకపోతే కడపకి నేనూ రాను ఫణీ. వ్యాను శుభ్రంగా కడిగి నీకిచ్చేస్తాను, నీ దారి నువ్వు చూసుకో."

ఫణి తన దారి చూసుకోవడానికి జిలానీ సాహెబ్ దగ్గరికి వెళ్ళాడు.

హంద్రీ నది ఒడ్డున ఒక చిన్న దర్గా ఉంది. అక్కడ ప్రతి గురువారం సాయంత్రం ఖవ్వాలీ పాడే బృందానికి పెద్ద, జిలానీ సాహెబ్. ఫణికి పాట నేర్పిన గురువు, అందరూ ఉస్తాద్ అని పిలిచే మనిషి. ఆయన దగ్గర ఫణి ఎందుకు చేరాడన్నది దర్గా వీధిలో అందరికీ తెలిసిన కథే. బాగా చిన్నప్పుడు ఒక గురువారం వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని పాట వింటున్నాడు. ఉస్తాద్ చెయ్యి పైకెత్తి, మొహం ఆకాశానికి పెట్టి, ఒక స్వరాన్ని అందుకున్నారు. ఆ స్వరం ఎంతకీ దిగలేదు. పిల్లవాడు వెక్కివెక్కి ఏడిచాడు. నేనూ అట్లా పాడాలని మర్నాటి నుంచి ఇంట్లో ఎవరినీ నిద్రపోనివ్వలేదు.

ఫణి వెళ్ళేసరికి ఉస్తాద్ గుమ్మంలో కూర్చుని గోంగూర గిల్లుతున్నారు.

"ఏం బేటా, ఒక్కనివే వచ్చినావు? నీ జతగాళ్ళు యాడ?"

ఫణి కూర్చుని, ఒంగోలు సంగతంతా చెప్పాడు. చర్చి మాట ఒక్కటి మింగేశాడు.

"నాకింక బ్యాండు వద్దు ఉస్తాద్. వాళ్ళని మోయడం నావల్ల కాదు. ఒక్కణ్ణే పాడుకుంటా. డ్రమ్ములు మిషన్లో పెట్టుకుంటా. మీరు దీవించి పంపండి, కడపలోనే మొదలుపెడతా."

"మిషన్లోనా?"

"అవును. ఒకసారి పెట్టినామంటే ఆఖరిదాకా అట్లే కొడతాది. తప్పేదే ఉండదు."

ఉస్తాద్ ఒక ఆకు గిల్లి గిన్నెలో వేశారు.

"అది తప్పదు, సరే. నువ్వు తప్పితే అదేం చేస్తాది?"

"నేను తప్పను ఉస్తాద్."

ఆయన కాడలన్నీ ఒక పక్కకి ఊడ్చారు.

"రేపు గురువారం, జుమ్మేరాత్. సాయంత్రం రా. పాడొద్దు. వెనక వరసలో కూచోని చప్పట్లు కొట్టు. కండ్లు మాత్రం నా వీపు మింద పెట్టుకో."

ఫణికి తల కొట్టేసినట్టయింది. కాలేజీలకి కాలేజీలు తన పేరు పెట్టి అరుస్తుంటే, ఇప్పుడు పోయి వెనక కూర్చుని చప్పట్లు కొట్టాలా? శిష్యరికం చేసినన్నాళ్ళూ అతను ఎప్పుడూ ముందు చాప మీదే కూర్చున్నాడు, ఉస్తాద్ మొహానికి ఎదురుగా. కానీ ఆయన మాటకి ఎదురు చెప్పే అలవాటు లేదు. మర్నాడు పొద్దుగూకే వేళకి వెళ్ళి వెనక వరసలో చోటు అడిగాడు.

జరిగి చోటిచ్చింది మౌలాలి. ఫణి పుట్టకముందు నుంచీ ఆ బృందంలో ఉన్న మనిషి. హార్మోనియం పెట్టె మోసుకొస్తాడు, జంపఖానా దులిపి పరుస్తాడు, చప్పట్లు కొడతాడు. మౌలాలి గురించి అంతకు మించి తెలుసుకోవాలని ఫణికి ఎప్పుడూ తోచలేదు. తోచకపోవడం ఫణి ఒక్కడి తప్పూ కాదు, పాట వినేవాళ్ళం మనమందరం అంతే.

నమాజు అయింది. జనం వచ్చి కూర్చున్నారు. ఉస్తాద్ తాను కట్టిన తెలుగు పాట ఎత్తుకున్నారు.

"నీ వీధికొచ్చి నా ఊరి పేరు మరిచినాను..."

ఫణి చప్పట్లు కొడుతూ ఆయన వీపు చూస్తున్నాడు. ముందు నుంచి చూస్తే ఉస్తాద్ కొండలా కనిపించేవారు. వెనక నుంచి చూస్తే చెమటకి అంటుకుపోయిన లాల్చీ, దాని కింద లేచి పడే రెండు భుజాల ఎముకలు, అంతే. ఊపిరి ఎక్కడ తీస్తున్నారో, ఎక్కడ అయిపోతోందో అన్నీ తెలిసిపోతున్నాయి. మాట చివర ఊపిరి అందనప్పుడల్లా, ఆ మాట కింద పడేలోపే వెనక వరస అందుకుంటోంది. ముందు చాప మీద ఇన్నేళ్ళు కూర్చున్నా ఫణికి ఆ అతుకు ఒక్కసారీ వినబడలేదు.

పాట పైకి వెళ్ళింది. ఉస్తాద్ చెయ్యి పైకెత్తారు. మొహం ఆకాశానికి పెట్టారు. ఇప్పుడొస్తుందని ఫణి ఊపిరి బిగబట్టాడు.

స్వరం వచ్చింది. చిన్నప్పుడు తనని ఏడిపించిన స్వరమే, అదే నిలుపు. ముందు వరసలో ఒక ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది.

ఉస్తాద్ భుజాలు కదల్లేదు.

ఫణి మళ్ళీ చూశాడు. లాల్చీ కింద ఎముకలు నిశ్చలంగా ఉన్నాయి. మనిషి ఊపిరి వదలడం లేదు. ఫణి పక్కకి తిరిగాడు. మౌలాలి తల బాగా దించుకుని, వెనక వరస మైకుకి పెదవులు ఆనించి, కళ్ళు మాత్రం పైకెత్తి ఉస్తాద్ వీపు మీద పెట్టి, ఆ స్వరాన్ని పట్టుకుని ఉన్నాడు. మెడ మీద నరాలు ఉబ్బాయి. ఉస్తాద్ చెయ్యి దించాక అతనూ స్వరం దించాడు. జనమంతా ఉస్తాద్ వైపే చూస్తూ కళ్ళు తుడుచుకున్నారు.

పాఠాలు చెప్పేటప్పుడు ఆ పై స్వరం మెట్టు దగ్గరికి రాగానే ఉస్తాద్ ఎప్పుడూ ఆగిపోయేవారు. "ఇంక పైకి నువ్వు పో" అనేవారు. అది నేర్పే పద్ధతి అనుకునేవాడు ఫణి.

ఆ తలపు తెమలకముందే పాటలో ఇంకోటి జరిగింది. ఉస్తాద్ ఒక లైను ఎగరగొట్టి తర్వాతి లైనులోకి దూకేశారు. కావాలనే దూకారా, నిజంగా మరిచారా అన్నది ఫణికి ఈనాటికీ తెలియదు. ఢోలక్ మనిషి కళ్ళెత్తి కూడా చూడలేదు. సగం తాళం మింగేసి, గబగబా ఒక చిన్న దరువు వేసి, ఉస్తాద్ దిగే చోటికి ముందే పోయి నిలబడ్డాడు. వెనక వరసంతా అతని వెంటే ఒక్క ఊపు ఊగి సర్దుకుంది.

ఆ దరువు ఫణికి తెలుసు. ఒంగోలులో యోబు వేసింది అదే.

ఒంగోలు చరణం మనసులో పాడుకున్నాడు. రెండో లైను దగ్గర అతని చేతులు ఆగిపోయాయి. ఆ లైను తాను ఆ సాయంత్రం పాడలేదు.

మౌలాలి మోచేత్తో పొడిచాడు. "కొట్టప్పా."

ఫణి కొట్టాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

పాటలయ్యాక ఆ బృందంలో ఒక ఆచారం ఉంది. చాయ్ కెటిలు ఉస్తాదే పట్టుకుంటారు. ముందు వెనక వరసకి పోసి, తర్వాత ఢోలక్‌కీ హార్మోనియంకీ పోసి, ఆఖరున మిగిలింది తాను తాగుతారు. ముసలాయన చాదస్తమని ఫణి చిన్నప్పుడు నవ్వుకునేవాడు. ఇవాళ వెనక వరసలో కూర్చున్నాడు గనక మౌలాలి తర్వాతి కప్పు అతనికే వచ్చింది.

కప్పు పట్టుకుని ఫణి మెల్లగా అడిగాడు. "ఆ పై మెట్టు... ఎప్పట్నుంచి ఉస్తాద్?"

"ఏది?"

"గొంతు అందక మౌలాలి అన్న పాడేది."

ఉస్తాద్ కెటిలు వంచి చూశారు. అడుగున కొంచెం ఉంది.

"నువ్వు మీ అమ్మ ఒళ్ళో ఏడిసినావు సూడు, ఆ పొద్దు కూడా మౌలాలిదే బేటా. ఆ మెట్టు నాకు ఎన్నడూ అందలేదు."

మౌలాలి ఏమీ విననట్టు జంపఖానా మడత పెడుతున్నాడు. ఫణి కప్పు కింద పెట్టి, పోయి జంపఖానా రెండో కొస పట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి గిద్దలూరు వెళ్ళాడు. యోబు ఇంటి ముందు బైకు కడుగుతున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ఒంగోలులో తప్పింది నేను. లైను ఎగరగొట్టినా" అన్నాడు ఫణి.

"తెలుసు."

"తెలిసి, అన్ని మాటలు పడి, చెప్పలేదేంది?"

యోబు గుడ్డ పిండాడు. "పాట పడిపోలేదు గదా."

కాసేపు చక్రం తుడిచాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు. "చర్చి మాట అనకుండా ఉండాల్సింది."

"తప్పయిపోయింది యోబూ. నిన్నొక్కణ్ణే కాదు, మీ నాన్నని కూడా అన్నట్టయింది. లోపలికి పోయి ఆయనకి కూడా చెప్తా."

"నాయన పొలం పోయినాడు. ఇంకోసారి వచ్చి చెప్పు." యోబు తడి చేతులు లుంగీకి తుడుచుకుని ఇంట్లోకి వెళ్ళాడు. ఆ వాకిట్లో నిలబడి భయపడినంతగా ఫణి ఏ స్టేజీ మీదా భయపడి ఉండడు. యోబు పుల్లల జత సంచీలో పెట్టుకుంటూ బయటికి వచ్చాడు.

"సరయుకి ఫోన్ చెయ్యి. డ్రమ్ముల మీద సామాను పెట్టొద్దని చెప్పు."

శనివారం సాయంత్రం కడపలో స్టేజీ మీద వైర్లు పరుస్తున్నారు. సౌండు చూసే మనిషి వచ్చి ఫణి కాళ్ళ దగ్గరున్న స్పీకరు తట్టాడు.

"మానిటర్లో ఏం పెట్టాలన్నా?"

"డ్రమ్ములు పెట్టు. బేసు పెట్టు."

"నీ గొంతు ఎంత పెట్టాల?"

"వద్దు. తీసెయ్."

ఆ మనిషి వింతగా చూశాడు. "నీ గొంతు నీకు వినబడకుంటే ఎట్ల పాడతావన్నా?"

ఫణి వెనక్కి తిరిగి చూశాడు. యోబు డ్రమ్ము మీద చెవి పెట్టి మరలు బిగిస్తున్నాడు. సరయు తీగ సవరిస్తూ తలెత్తింది.

"వాళ్ళకి వినబడుతుందిలే" అన్నాడు ఫణి.