పచ్చికట్టె ఏడుపు

ఒకప్పుడు పొయ్యిలో మంట ఉండేది కానీ పొగ ఉండేది కాదు. పొయ్యి ముందు ఎంతసేపు కూర్చున్నా ఎవరికీ కళ్ళు మండేవి కావు. వంటింటి గోడలు ఏళ్ళ తరబడి తెల్లగానే ఉండేవి.

ఆ రోజుల్లో చెట్లు మాట్లాడేవి. ఆడవాళ్ళు కొండెక్కి, "పుల్లలుంటే ఇయ్యి తల్లీ" అని అడిగేవారు. చెట్టు ఒళ్ళు విదిలించుకునేది. ఎండుపుల్లలు జలజలా రాలేవి. రోజుకి ఒక్కసారి కుండ పెట్టుకోవడానికి అవి చాలేవి. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని తినేవారు.

ఆ కొండ కింద ఊళ్ళో చిలకమ్మ ఉండేది. ఆమె చిన్నతనమంతా ఆకలితోనే గడిచింది. వాళ్ళమ్మ ఖాళీ కుండలో గరిటె తిప్పుతూ, "ఉడుకుతోందర్రా, పడుకోండి" అని పిల్లల్ని నిద్రపుచ్చేది. ఆ గరిటె చప్పుడు చిలకమ్మ చెవుల్లోంచి పోలేదు.

గవరయ్యని పెళ్ళాడి ఈ ఊరొచ్చాక ఆమెకి తిండికి లోటు లేకుండా పోయింది. పొలం బాగా పండేది. గాదె నిండుగా ఉండేది. అయినా కుండ అడుగు కనబడితే చాలు, చిలకమ్మకి గుండె జారిపోయేది.

అందుకని ఇద్దరు తినే ఇంట్లో పదిమందికి వండేది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి మళ్ళీ ఒకసారి. "మా ఇంట్లో చద్ది తినం. వేడివేడిగా దించాల్సిందే" అని నలుగురిలో చెప్పుకునేది. మిగిలింది పెరట్లో పారబోసేది.

పెరట్లో పెద్ద మద్దిచెట్టు ఉంది. కొత్తకోడలిగా వచ్చి, పుట్టింటి మీద బెంగతో చిలకమ్మ ఏడ్చింది దాని మొదట్లో కూర్చునే. మద్ది అప్పుడు ఆకులతో ఆమె తల నిమిరింది. ఆనాటినుంచీ ఇద్దరికీ మంచి స్నేహం.

ఒకరోజు మద్ది అడిగింది. "చిలకమ్మా, నా కాళ్ళ దగ్గర ఇంతన్నం పులిసి కంపు కొడుతోంది. ఎవరికోసం వండావమ్మా?"

"ఎవరైనా వస్తేనో?"

"వచ్చారా?"

"రాలేదనుకో. వస్తే మాత్రం ఖాళీ కుండ చూపించనా?"



పక్కింట్లో పైడమ్మ మొగుడు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. "చిలకమ్మ ఇంట్లో మూడుపూటలా వేడన్నం. నాకు మాత్రం ఈ చద్ది పడేస్తావా?" అని ముంత తోసేశాడు. మర్నాడు పైడమ్మ కూడా పొద్దున్నే పొయ్యి వెలిగించింది. ఆమెని చూసి ఎదురింటివాళ్ళు, వాళ్ళని చూసి వెనకింటివాళ్ళు. చూస్తుండగానే చద్దన్నం తినడమంటే ఊరంతటికీ నామోషీ అయిపోయింది. ప్రతి పెరట్లోనూ అన్నం కుప్పలు లేచాయి.

ఎండుపుల్లలు ఇక చాలలేదు.

"ఉన్నవన్నీ ఇచ్చేశాం. కొమ్మ ఎండాలి కదమ్మా, కాస్త ఆగండి" అన్నాయి కొండమీది చెట్లు.

ఎవరు ఆగుతారు? మగవాళ్ళు గొడ్డళ్ళు పట్టుకుని కొండెక్కారు. చెట్లు కేకలు పెట్టాయి. ఆ కేకలు కొండమీదే ఉండిపోయాయి, ఊళ్ళోకి వినబడలేదు. అప్పట్లో పచ్చికట్టె కూడా ఎండుకట్టెలాగే శుభ్రంగా మండేది. పొయ్యి దగ్గరున్నవాళ్ళకి ఏ తేడా తెలియలేదు.

కొండ బోడిదైపోయింది. కొండమీంచి దిగే వాగు సన్నబడి, చివరికి రాళ్ళు తేలింది. ఆడవాళ్ళు నీళ్ళకోసం పొరుగూరు నడిచారు. తెచ్చిన నీళ్ళతో మళ్ళీ ఎక్కువే వండారు.

ఆ ఏడు కొత్త గింజలు వండుకునే కొత్తల పండగకి చిలకమ్మ ఊరందరినీ భోజనానికి పిలిచింది.

గవరయ్య తల గోక్కున్నాడు. "కొండమీద నరకడానికేం మిగల్లేదే. అందరికీ తలో గిన్నెడు అంబలి పోద్దాం. తప్పేముంది?"

"పిలిచి అంబలి పోస్తానా? నా పరువేం కాను?" అంటూ చిలకమ్మ పెరటి వైపు చూసింది.

గవరయ్యకి అర్థమైంది. చేతిలో గొడ్డలి కింద పెట్టేసి, "నావల్ల కాదు" అని వీధిలోకి వెళ్ళిపోయాడు. చిలకమ్మే గొడ్డలి తీసుకుంది.

"ఆగమ్మా" అంది మద్ది. "పైకొమ్మమీద గువ్వ గూడు పెట్టింది. పిల్లలకి రెక్కలు రానీ."

"పండగ రేపే."

"నువ్వేడిస్తే నేను విన్నాను చిలకమ్మా. నా ఏడుపు నీకు వినబడదా?"

చిలకమ్మ చెయ్యి ఆగింది. కానీ కళ్ళముందు ఖాళీ కుండా, అందులో తిరిగే గరిటే కదిలాయి. పళ్ళు బిగించి గొడ్డలి ఎత్తింది.

మర్నాడు పెద్ద పొయ్యి తవ్వి, మద్ది మొద్దుల్ని అందులోకి తోశారు. వాటిలో ఇంకా ప్రాణం కొట్టుకుంటూనే ఉంది.

"అగ్గీ, నన్ను కాల్చు. అది నీ పని. నా కన్నీళ్ళు మాత్రం ఆవిడకి చేర్చు" అంది మద్ది.

"నేను ముట్టుకుంటే నీళ్ళు ఇగిరిపోతాయి. నేనెలా చేర్చను?" అంది అగ్గి.

అటుగా పోతున్న గాలి ఆగింది. "ఇగిరితే ఇగరనీ. నేను మోసుకెళ్తాను."

కట్టె చివర బుసబుసమని నురగ పొంగింది. దానివెంట బూడిదరంగుది ఏదో సుళ్ళు తిరుగుతూ లేచింది. అలాంటిదాన్ని ఎవరూ ఎన్నడూ చూడలేదు. అది తిన్నగా చిలకమ్మ మొహంమీదికి వెళ్ళి కళ్ళలో దూరింది.

"అమ్మో, నా కళ్ళు!" అని ఆమె కేకపెట్టింది. కళ్ళు తుడుచుకున్నకొద్దీ నీళ్ళు కారాయి. పందిట్లో కూర్చున్నవాళ్ళూ దగ్గుతూ, ఏడుస్తూ లేచారు. అన్నం పొగ వాసన, పప్పు పొగ వాసన. మొదటి ముద్దకే ఉమ్మేసి, ఒక్కొక్కరే ఇళ్ళకి వెళ్ళిపోయారు.

చిలకమ్మ కుండల వైపు చూసింది. అన్నీ అంచులదాకా నిండి ఉన్నాయి. తినేవాళ్ళు లేరు.

పెరట్లోకి పరుగెత్తింది. "మద్దీ! బుద్ధొచ్చింది. ఒక్కమాట మాట్లాడు!"

నరికిన చెట్టు మొదలు పలకలేదు. గూడు పోయిన గువ్వ ఒకటి దానిమీద వాలి ఉంది.

"నువ్వైనా చెప్పవే, ఏమంది?" అని అడిగింది చిలకమ్మ.

"ఏం చెప్పాలనుకుందో నీ కళ్ళలో ఉందిగా" అని గువ్వ ఎగిరిపోయింది.

ఆమె కొండెక్కి మిగిలిన మొక్కల్నీ అడిగింది. ఏదీ నోరు విప్పలేదు.

పొగచూరిన ఆ అన్నంలోనే నీళ్ళు పోసి ఉంచి, చిలకమ్మా గవరయ్యా ఎన్నాళ్ళు తినగలిగితే అన్నాళ్ళు తిన్నారు. అది అయిపోయాక మళ్ళీ పొయ్యి వెలిగించక తప్పలేదు. ఇంట్లో మద్దికట్టె తప్ప ఇంకేం లేదు. ఏడుస్తూనే వండింది.

అప్పటినుంచే చెట్లు మనుషులతో మాట్లాడటం మానేశాయి. అప్పటినుంచే పచ్చికట్టె పొయ్యిలో పెడితే బుసబుసమని చివరినుంచి నీళ్ళు కారుస్తుంది, పొగలు కక్కుతుంది. ఎండుపుల్లకి అంత కోపం లేదు. పచ్చికట్టె మాత్రం ఈనాటికీ ఎవరినీ వదలదు. నరికిందెవరని అడగదు. పొయ్యి ముందు ఎవరు కూర్చుంటే వాళ్ళ కళ్ళతోనే ఏడుస్తుంది.