కొత్తేమీ లేదన్న బాతు వైద్యుడు

ఎగువ చెరువు బాతులకు వీరాస్వామి వైద్యుడు. బాతుకు హస్తమెక్కడిదని అడక్కండి, హస్తవాసి మాత్రం గొప్పది. అతనికి తెలియని రోగం లేదని పేరు. ఆ పేరే కొంప ముంచింది.

ఒకరోజు రెండు బాతుల్ని మోసుకొచ్చారు. మెడలు వెనక్కి మెలితిరిగాయి, నిలబడలేక గిరగిరా తిరుగుతున్నాయి. వీరాస్వామి కళ్లు చూశాడు, నాలుక చూశాడు. ఇన్నేళ్లలో ఇలాంటిది చూసి ఎరగడు. సాయంత్రానికి రెండూ పోయాయి. మర్నాడు మరికొన్ని వచ్చాయి.

చచ్చిన బాతుల్ని అవతల పారేసే పని నక్కది. అవి దాని పొట్టలోకే పోతాయని అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

"దిగువ చెరువుకి కాకితో కబురంపుతాను. ఇదేదో కొత్త రోగం" అన్నాడు వీరాస్వామి.

"ఏం రోగమని చెబుతావు మామా?" అంది నక్క.

"తెలీదు."

"తెలీదా? నువ్వా? ఆ మాట బయటికొస్తే ఇంక నీ గడప ఎవరు తొక్కుతారు? ఖాయంగా తేలాక చెబుదువుగానీ. అందాకా దిష్టి అనెయ్."

అంతలో కాకి వచ్చి గట్టున వాలింది. "కొత్త సంగతులేమైనా ఉన్నాయా వైద్యుడుగారూ? దిగువ చెరువు ఎండిపోతోంది. మీ అమ్మాయి మంగతాయి పిల్లల్తో ఇటు వస్తానంటోంది. రమ్మనమంటారా?"

తెలీదనబోయి వీరాస్వామి నక్క వంక చూశాడు. "కొత్తేమీ లేదు. ఇద్దరు ముగ్గురికి దిష్టి తగిలింది, అంతే. రమ్మను."

మంగతాయి వచ్చింది. వారం తిరక్కుండానే పిల్లలు ఒక్కొక్కటే పోయాయి. ఆఖరికి ఆమె మెడా మెలితిరిగింది.

"ఏంటి నాన్నా ఇది?"

దిష్టమ్మా అనబోయాడు. మెలితిరిగిన ఆమె మెడకేసి చూశాడు. "తెలీదు తల్లీ."

"ఆ ముక్క ముందే చెబితే మా చెరువు బురదలోనే ఎలాగో బతికేవాళ్లం కదా నాన్నా."

సాయంత్రానికి ఆమె కూడా పోయింది. వీరాస్వామి ఆమెను రెక్క కింద పెట్టుకుని ఏడ్చాడు.

నక్క తూలుకుంటూ వచ్చింది. దాని మెడ ఒక పక్కకి వాలిపోతోంది. "మామా, నాకేమవుతోంది? ఇదేం రోగం?"

"ఖాయంగా తేలనీ" అన్నాడు వీరాస్వామి, తల ఎత్తకుండానే.

కాకి మళ్లీ వచ్చింది. "కొత్త సంగతులేమైనా?"

"ఉంది. అన్ని చెరువులకీ చెప్పు. ఇక్కడ మెడలు తిరిగి చచ్చిపోతున్నాం, ఎవర్నీ ఇటు రావద్దను. ఏం రోగమని అడిగితే, వీరాస్వామికి తెలీదని చెప్పు."

పేరు తెలియని రోగాన్ని తెలియదనే చెప్పండి, కానీ చూసిన రోజే చెప్పండి.