దవడపళ్ళ దొంగ

ఒక రాజుగారి ఏలుబడిలోని సముద్రంలో ముత్యపుచిప్పలు పెరిగే రాతిదిబ్బ ఒకటుండేది. ఒక ఏడు అక్కడి చిప్పలన్నీ నలిగి ముక్కలై కనిపించాయి. రేవు అధికారి విజయరంగం ఒక ముక్క పట్టుకుని, "ఇవి దవడపళ్ళ గాట్లు. చేపలకు దవడపళ్ళుండవు. ముత్యాల కోసం అక్కడ మునిగేవాడు దానయ్య ఒక్కడే. వాడి పళ్ళన్నీ పీకండి!" అని ఉత్తర్వు వేశాడు.

పళ్ళు పీకే పటకారు చూడగానే దానయ్య భార్య గురమ్మ రేవుకు పరిగెత్తింది. పడవ తోసుకుని దిబ్బ దగ్గరికి వెళ్ళి, వల వేసి, ఒక చేపను నీళ్ళకుండలో తెచ్చి రాజుగారి సభలో దించింది.

"దొంగను తెచ్చాను, దొరా."

"చేపకు దవడపళ్ళా? ఎవరికి చెబుతున్నావే?"

"లేవంటే భయమెందుకు? వేలు పెట్టి చూడండి."

అధికారి ధీమాగా చెయ్యి చాచాడు. గురమ్మకు జాలేసి, ముందుగా ఒక చిప్పను కుండలో పడేసింది. అది ఫటుక్కున పగిలిన చప్పుడుకు సభంతా ఉలిక్కిపడింది. ఆమె చేప నోరు తెరిచి చూపించింది. ముందు కోరలు, వెనక వరసలు వరసలుగా అచ్చం మనిషివిలాంటి గుండ్రని దవడపళ్ళు! రాజుగారు తెరిచిన నోరు మూయలేదు. అధికారి చెయ్యి వీపు వెనక్కి పోయింది.

"అయినా ఉత్తర్వు ఉత్తర్వే," అని గొణిగాడతను. "దొంగ పళ్ళు పీకాల్సిందే."

"అలాగే దొరా," అని గురమ్మ పటకారు అతని చేతిలో పెట్టింది. "దిబ్బ మీద ఇలాంటివి మందలు మందలున్నాయి. పడవ సిద్ధంగా ఉంది, దిగండి."

సభలో అందరికంటే ముందు నవ్వినవాడు దానయ్యే, ముప్పై రెండు పళ్ళూ కనిపించేలా.