వెనకగాలి పెళ్లి

మా ఇంట్లో తెలివి ఎక్కువండీ. ఎంత ఎక్కువంటే, ఊళ్ళో వాళ్ళు “మీ తెలివి మీ దగ్గరే ఉంచుకోండి నాయనా” అని చేతులెత్తి దండం పెట్టేవాళ్ళు. మేమూ భద్రంగా ఉంచుకున్నాం. ఒక్కరోజు కూడా బయటికి తీయలేదు.

పెద్దన్నయ్య నూకరాజు, చిన్నన్నయ్య తాతబ్బాయి, కడగొట్టువాణ్ణి నేను, బుల్లియ్యని. గోదావరి అవతలి లంకలో ఉండే పల్లాలుగారి కూతురు గంగారత్నంతో నా పెళ్లి కుదిరింది. ఒక ముహూర్తం అప్పటికే తప్పిపోయింది. “రేపు బయల్దేరి రండి” అని మామగారు ఉత్తరం రాశారు. మర్నాడు చదివితే మళ్ళీ రేపే అని ఉంది. వారం రోజులు చదివాం, రేపు రాలేదు! మామగారికి ఒళ్ళు మండిపోయి, “ఈసారి పదకొండు గంటల ముహూర్తం దాటిందా, పిల్లని దాని మేనబావకి ఇచ్చేస్తాను” అని కబురంపారు. నాకు అన్నం సయించలేదు.

తీరా ప్రయాణం రోజున, పడవ నడిపే మా వీరాసామి మావయ్య కాలు బెణికింది. ఆయనకి తోడుగా అమ్మ ఇంట్లో ఉండిపోయింది.

మావయ్య మంచం మీంచే చెప్పాడు. “ఒరేయ్, గాలి వెనకనుంచి వస్తే తెరచాప తాడు బాగా వదలండి. పక్కనుంచి వస్తే సగం లాగండి. ఎదురుగాలైతే బిగించి కట్టి, ఓసారి ఇటు ఓసారి అటు ఏటవాలుగా పోండి. ఏ గాలికైనా తెరచాప కడుపు నిండుగా ఉండాలి. తెలిసిందా?”

ఇంత పాఠం ఒక్కడే ఎలా మొయ్యాలి? పంచుకున్నాం. వెనకగాలి పెద్దన్నయ్యది, పక్కగాలి చిన్నన్నయ్యది, ఎదురుగాలి నాది. తెరచాప ఉండగా తెడ్లెందుకని ఇంట్లోనే వదిలేశాం.

ఒడ్డు దాటామో లేదో పక్కగాలి కొట్టింది. చిన్నన్నయ్య లేచి, “సగం లాగాలంటే సగం ఎక్కడుందో తెలియాలిగా!” అని తాడు కొలిచాడు. కొలిచి సరిగ్గా మధ్యకి కోశాడు. అంతే! తెరచాప చిరిగిపోయేలా కొట్టుకుంది. ముగ్గురం మీదపడి ఎలాగో ముడేశాం. అయినా అది రెపరెపలాడుతూనే ఉంది.

“పాపం, ఆకలిరా దానికి! కడుపు నిండాలన్నాడుగా మావయ్య,” అన్నాడు పెద్దన్నయ్య.

ఇంకేముంది! పెళ్లివారికని అమ్మ కట్టిచ్చిన పులిహోర తపేలా ఎత్తి తెరచాప మీద కుమ్మరించాడు. అది తినలేదు. “తీపి కావాలేమో” అని నేనే సలహా ఇచ్చి, లడ్లు విసిరాను. అవీ గోదాట్లోనే పడ్డాయి.

అప్పటికే అవతలి ఒడ్డు దగ్గరపడింది. పందిరీ కనబడింది, సన్నాయీ వినబడింది. సరిగ్గా అప్పుడు ఎదురుగాలి!

“నీ వంతురా బుల్లియ్యా!”

“కంకణం కట్టిన చేత్తో పెళ్లికొడుకు పని ముట్టుకోకూడదుగా అన్నయ్యా!” అన్నాను, ఏడుపొక్కటే తక్కువ నాకు.

పెద్దన్నయ్య తల గోక్కుని ఎగిరి గంతేశాడు. “ఓస్, ఇంతేనా! పడవని వెనక్కి తిప్పితే ఈ గాలే వెనకగాలైపోతుంది. అప్పుడు వంతు నాది!”

తిప్పాం. తాడు వదిలాం. అబ్బ, ఏం పరుగండీ! తెరచాప కడుపు ఏమీ తినకుండానే నిండిపోయింది. చూస్తుండగానే ఒడ్డు చేరాం.

ఒడ్డున ఒకావిడ నీళ్ళ బిందెతో నిలబడి ఉంది. “వియ్యపురాలు అచ్చం మన అమ్మలాగే ఉందిరా!” అని చిన్నన్నయ్య ఆమె కాళ్ళకి దండం పెట్టాడు.

“వెధవల్లారా! ముహూర్తం పెట్టుకుని ఇంటికెందుకు వచ్చార్రా?” అని ఆవిడ నెత్తి కొట్టుకుంది.

“తిట్లు కూడా అమ్మవే!” అని మేం ముచ్చటపడ్డాం. కానీ పెళ్లికూతురు లేదు, పందిరి లేదు. ఒడ్డునే ఉన్న ఇంటి అరుగు మీద కూలబడి భోరున ఏడ్చాను.

ఇంతలో ఇంకో పడవ వచ్చింది. అందులో గంగారత్నం, మామగారు, పంతులుగారు, వాళ్ళ ఇంటిల్లిపాదీ! మా పడవ రావడం, వెనక్కి పోవడం వాళ్ళు ఒడ్డునుంచి చూశారట. మామగారు మేనబావని పీటల మీద కూర్చోబెట్టబోతే, గంగారత్నం అడ్డం తిరిగిందట. “లడ్లు ఎగరేసిన ఆ పెళ్లికొడుకే నాకు కావాలి నాన్నా. నవ్వీ నవ్వీ కడుపు నొప్పొచ్చింది. ఆ బావని చూస్తే ఏడుపే వస్తుంది,” అందట. పదకొండు కొట్టేలోగా మా అరుగు మీదే తాళి కట్టించారు.

“పెళ్లికూతురు ఇక్కడే ఉందంటే ఇది అత్తారిల్లే!” అని పెద్దన్నయ్య తేల్చేశాడు. అమ్మకి వడ్డనలతో, మామగారివాళ్ళకి భోజనాలతోనే సరిపోయింది, మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రానికి గాలి మళ్ళింది. కోడల్ని చీకటి పడకుండా ఇల్లు చేర్చాలిగా! గంగారత్నాన్ని పడవెక్కించి, మళ్ళీ వెనకగాలి చూసుకుని తాడు వదిలేశాం. ఆ పిల్ల దారి పొడుగునా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూనే ఉంది.

లంకలో దిగి పందిరున్న ఇంటికి వెళితే తలుపుకి తాళం. “అమ్మ ఎక్కడికి పోయిందిరా?” అని మేం దిక్కులు చూస్తుంటే, గంగారత్నం బొడ్లోంచి తాళంచెవి తీసి తలుపు తీసింది.

మా ముగ్గురికీ కళ్ళు చెమర్చాయి. పెద్దన్నయ్య నా భుజం తట్టి, “అదృష్టవంతుడివిరా బుల్లియ్యా! ఇంకా గడప తొక్కనేలేదు, మన ఇంటి తాళంచెవి అప్పుడే తన దగ్గర పెట్టుకుంది. మన ఇంటికి తగ్గ తెలివి!” అన్నాడు.