నల్లపూస పొగపిడత

అనగనగా ఒక అడవి. ఆగండి, పులి ఉందా అని అప్పుడే అడక్కండి. ఈ కథలో పులి లేదు, సింహమూ లేదు. ఒక ఎలుగుబంటి ఉంది, దాని వీపు మీద ఒక పిల్ల ఉంది, ఒక చెట్టు తొర్రనిండా తేనెటీగలు ఉన్నాయి. కుదురుగా కూర్చుంటే చెప్తాను. లేదంటారా, నాకు బోలెడు పనుంది.

ఆ ఎలుగుబంటి పేరు నల్లపూస. పిల్ల పేరు బుడంకాయ. దాని పొట్ట చూసి పెట్టారు ఆ పేరు.

వాళ్లది ముందు వేరే కొండ. ఒక వేసవిలో ఆ కొండకి కార్చిచ్చు అంటుకుంది. ముందు పొగ వచ్చింది, వెనకాలే మంట వచ్చింది. గుహలో ఎండబెట్టి దాచుకున్న ఇప్పపూలు ఉన్నాయి, రేగుపళ్లు ఉన్నాయి, మెత్తగా పరుచుకున్న గడ్డి ఉంది. నల్లపూస వాటి వంక చూడను కూడా చూడలేదు. పిల్లని వీపుకెక్కించుకుని పరుగో పరుగు. వాగు దాటి, ఇంకో కొండెక్కి, ఒక బండ కింద చోటు దొరికితే అక్కడ కూలబడింది.

ప్రాణాలు దక్కాయి సరే. కానీ బుడంకాయకి నిద్ర కరువైంది. ఆకు రాలితే ఉలిక్కిపడేది. కన్ను మూతపడితే చాలు, ఏడుస్తూ లేచేది. తల్లి జో కొట్టింది, వీపున వేసుకుని తిప్పింది. ఊహూఁ, ఏదీ పనిచెయ్యలేదు పాపం.

ఆ బండ పక్కనే ఒక మద్దిచెట్టు ఉంది. దాని తొర్రలో తేనెటీగల కాపురం. ఒక సాయంత్రం బుడంకాయ ఏడ్చి ఏడ్చి అలిసిపోయి ఆ చెట్టుకి ఆనుకుని కూర్చుంది. లోపలినుంచి గుయ్యిమని సన్నగా, ఆగకుండా ఒక చప్పుడు. పిల్ల చెవి ఆనించి వింది. వింటూ వింటూ నిద్రపోయింది. కార్చిచ్చు తర్వాత అది కంటినిండా పడుకోవడం అదే మొదలు. నల్లపూసకి కళ్లనీళ్లు ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి తేనెటీగలతో మాట్లాడింది. తొర్ర వాకిట్లో కాపలా ఉండే ముసలి ఈగ పేరు పసుపమ్మ. ఎలుగుబంటిని చూడగానే పసుపమ్మ ముల్లు సవరించుకుంది, సవరించుకోకేం చేస్తుంది? నల్లపూస చేతులు జోడించి చెప్పుకుంది. చీమలు ఎక్కకుండా చూసుకుంటానంది, గద్దలొస్తే తరుముతానంది. పూలకాలం అయ్యాక వాళ్లు తినగా మిగిలినదాంట్లో ఒక్క పట్టు పిల్లకి ఇస్తే చాలంది. రాణీగారిని అడిగొచ్చి పసుపమ్మ సరేనంది. తొర్ర వెనకవైపు బెరడు తలుపు ఉంది, అటునుంచి తీసుకోమంది.

అలా ఇరుగుపొరుగు కుదిరింది. నల్లపూస పసుపమ్మని పిన్నీ అని పిలిచేది.

పూలకాలం అయింది. నల్లపూస వెళ్లి వెనక తలుపు గభాలున లాగింది. అంతే, ఒక ఈగ హడిలిపోయి ముక్కు మీద కుట్టింది. తేనెటీగ కుడితే అక్కడ ఒక వాసన వస్తుంది. ఆ వాసన తగిలిందంటే ఇంటి మీదికి ఎవరో వచ్చారని మిగతావన్నీ బయల్దేరతాయి. ఎవరు వచ్చారో చూసే తీరికెక్కడిది! నల్లపూస ముక్కు వంకాయంత అయింది.

అప్పుడొచ్చాడు కొండముచ్చు తోకయ్య బాబాయి. ఆయనకి తెలియని విషయం ఉండదు, ఉన్నా ఒప్పుకోడు. కొండ కింద మనుషులు పొగ వేసి తేనె తీస్తారని, తాను చెట్టుకొమ్మ మీదనుంచి కళ్లారా చూశానని చెప్పాడు. పొగ ఎందుకు వేస్తారు, ఎంత వేస్తారు అని నల్లపూస అడిగింది. కొమ్మ మీదనుంచి అంత వివరంగా కనిపించలేదు. ఆ మాట చెప్పొచ్చుగా? చెప్పకుండా, అదంతా నీకెందుకమ్మా, పొగ వేస్తే మెత్తబడతాయి అన్నాడు.

ఆయనే బొగ్గులబట్టీ దగ్గరనుంచి కాస్త నిప్పు తెచ్చిపెట్టాడు. నల్లపూస ఎక్కడో దొరికిన పగిలిన మట్టిపిడతలో నిప్పు వేసి, పైన ఎండుపేడ వేసి, ఆపైన గుప్పెడు పచ్చిగడ్డి కప్పింది. పచ్చిగడ్డి వల్ల పొగ చల్లగా, పల్చగా వచ్చింది. తలుపు దగ్గర రెండుసార్లు ఉఫ్ అని ఊదింది. కాసేపాగి మెల్లగా తీసింది. ఒక్క ఈగ కూడా మీదికి రాలేదు. ఒక పట్టు తీసుకుని తలుపు వేసేసింది. ఆ రోజు తెలియకుండానే అన్నీ సరిగ్గా చేసింది.

అక్కడితో ఊరుకుంటే కథే లేకపోవును.

పిడతలో నిప్పు ఇంకా ఉంది. నల్లపూసకి వాళ్లమ్మ గుర్తొచ్చింది. మనిళ్లలో చంటిపిల్లలకి నలుగు పెట్టి, తలంటు పోసి, సాంబ్రాణి పొగ వేస్తాం చూడండి. వాళ్లింట్లో గుగ్గిలం పొగ వేసేవారు. నల్లపూస బుడంకాయకి వాగులో స్నానం చేయించి, నిప్పు మీద గుగ్గిలం బంక చల్లి, పిల్లని ఆ పొగ మీద పడుకోబెట్టి ఆరబెట్టింది. బుడంకాయ కళ్లు గట్టిగా మూసుకుంది. కిక్కురుమనలేదు. ఎంత హాయిగా ఉందో నా తల్లికి, అని నల్లపూస మురిసిపోయింది.

తర్వాత తొర్ర వంక చూసింది. పొద్దున పొగ వెయ్యగానే ఈగలు కూడా ఇలాగే గప్‌చుప్‌గా అయ్యాయి కదా. అంటే వాటికీ హాయిగానే ఉండి ఉంటుంది. పాపం పగలంతా ఎండలో తిరిగొస్తాయి, వాటికెవరు వేస్తారు పొగ? నేను కాకపోతే ఎవరు వేస్తారు?

ఆ రోజునుంచి పిడతలో నిప్పు ఆరనివ్వలేదు, అదొక అలవాటైపోయింది. పిల్లకి స్నానం, గుగ్గిలం పొగ. ఆ వెంటనే పిడత పట్టుకుపోయి తేనెటీగలకి పొగ. తీసేదేమీ లేదు, పెట్టేదేమీ లేదు, ఊరికే ప్రేమకొద్దీ. వాన పడినా మానలేదు, ఈగలన్నీ తడవకుండా ఇంట్లో ఇరుక్కుని కూర్చున్న రోజు ఇంకో రెండు ఊదులు ఎక్కువే ఊదింది.

కొన్నాళ్లకి తొర్రలో గుయ్యిమనే చప్పుడు సన్నబడింది. పూలకి వెళ్లేవాళ్లు తగ్గారు. బుడంకాయ చెవి మరింత గట్టిగా ఆనించి పడుకోవాల్సి వచ్చేది. నల్లపూసకి గుబులు పుట్టి తోకయ్య బాబాయిని అడిగింది. ఆయన గడ్డం గోక్కుని, పొగ సరిపోవట్లేదేమో అన్నాడు. ఆమె నమ్మింది. ఈసారి పచ్చిగడ్డి వెయ్యకుండా నిప్పు రాజేసి, వాకిలి దగ్గర పెట్టి బుగ్గలు పగిలేలా ఊదింది. పొగతో పాటు నిప్పురవ్వలు కూడా వెళ్లాయి. కొన్ని ఈగలు రెక్కలు కమిలి వాకిట్లో రాలిపోయాయి. నల్లపూస అది చూసి పిడత పక్కన పెట్టేసింది.

తెల్లారి లేచేసరికి తొర్రలో చప్పుడు లేదు.

ఈగలన్నీ బయట కొమ్మకి గుత్తిగా వేలాడుతున్నాయి, రాణి మధ్యలో ఉంది. ఇల్లు విడిచి పోయేముందు తేనెటీగలు అలాగే వేలాడతాయి. బుడంకాయ చెట్టుకి చెవి ఆనించింది, ఏమీ వినిపించలేదు. ఇంకోవైపు ఆనించింది. తర్వాత తల్లి మొహంలోకి చూసింది.

తోకయ్య బాబాయి పైనుంచి హడావిడి పడ్డాడు. పిడత తెచ్చి గుత్తి కింద బాగా పొగ పెడితే ఎక్కడికీ పోలేవని, మళ్లీ తొర్రలోకి దూరతాయని తొందరపెట్టాడు. నల్లపూస పిడత చేతిలోకి తీసుకుంది. తీసుకోక ఏం చేస్తుంది? ఆ చప్పుడు పోతే పిల్లకి మళ్లీ నిద్ర ఉండదు. ఊదడానికి నోరు దగ్గర పెట్టింది కూడా.

అప్పుడు పసుపమ్మ ఎగిరొచ్చి ఆమె ముక్కు మీద వాలింది. కుట్టలేదు.

"అమ్మాయ్, ఊదేముందు ఒక్కమాట చెప్పు. నువ్వు పొగ వేస్తే మేం లోపల ఏం చేస్తున్నామనుకున్నావు?"

"హాయిగా పడుకుంటున్నారనుకున్నాను, పిన్నీ."

"తేనె తాగుతున్నాం. పట్టినంత, కడుపు పగిలేదాకా తాగుతున్నాం. పొగ వచ్చిందంటే అడవి అంటుకుందనే కదమ్మా మాకు లెక్క. ఇల్లు కాలిపోతే కడుపులో పెట్టుకున్నదే మాతో వస్తుంది. కడుపు నిండి, పారిపోదామా వద్దా అని వణుకుతూ కూర్చున్నవాళ్లం ఎవరినీ కుట్టలేం. అది నీకు హాయిలా కనపడింది. రోజూ పొద్దున్నే వచ్చి, నీ ఇల్లు కాలిపోతోంది, నీ ఇల్లు కాలిపోతోంది అని ఎవరైనా నీతో అంటే నువ్వుండగలవా ఆ ఇంట్లో?"

నల్లపూసకి పాత కొండ కళ్లముందు కనిపించింది. గుహలో వదిలేసి వచ్చిన ఇప్పపూలు కనిపించాయి. తను ఒక్కసారి పడ్డ ఆ భయాన్ని వీళ్లచేత రోజూ పడేలా చేసింది. అదీ ముద్దుచేస్తున్నాననుకుని.

చూడండి పిల్లలూ, ఇప్పుడు ఆమె ముందు రెండు దారులున్నాయి. ఊదితే ఈ పూటకి ఈగలు ఆగుతాయేమో. ఊదకపోతే పోతాయేమో. ఆమె వాగు దగ్గరికి నడిచి పిడతని నీళ్లలో ముంచేసింది. నిప్పు చుయ్యిమని ఆరిపోయింది. ఎంత కష్టపడి తెచ్చానో తెలుసా అని తోకయ్య బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. కొట్టుకోనీ.

తర్వాత గుహలోకి వెళ్లి పిల్లకోసం ఆకుల్లో చుట్టి దాచిన తేనెపట్టు తెచ్చింది. సగానికి పైగా ఉంది. బుడంకాయ దాన్ని చూసి పెదాలు నాక్కుంది, కానీ అడగలేదు. నల్లపూస ఆ పట్టుని తొర్రలో పెట్టి, బెరడు తలుపు మెల్లగా చేరవేసింది.

"పిన్నీ, మీ ఇల్లు ఖాళీ చేసింది నేనే. నా దగ్గర ఉన్నది ఇంతే. ఉండమని అడిగే మొహం నాకు లేదు. వెళ్తే మాత్రం చల్లగా వెళ్లండి."

అని పిల్లని వీపున వేసుకుని దూరంగా వెళ్లి కూర్చుంది. వెనక్కి తిరిగి చూడ్డానికి కూడా ఆమెకి ధైర్యం చాలలేదు.

పొద్దు వాలాక బుడంకాయే వీపు దిగి చెట్టు దగ్గరికి వెళ్లింది. చెవి ఆనించింది. చాలాసేపు ఆనించింది. తర్వాత అలాగే పడుకుని నిద్రపోయింది. అప్పుడు తెలిసింది నల్లపూసకి, వాళ్లు ఇంట్లోనే ఉన్నారని.

తర్వాత పసుపమ్మ కూర్చోబెట్టి అంతా చెప్పింది. పొగ పాపమేమీ కాదంది. ఇల్లు తెరవాల్సిన పని ఉన్నప్పుడు రెండు ఊదులు ఊదితే మంచిదే, కుట్టిన వాసన పొగలో కలిసిపోతుంది, రభస జరగదు. కాకపోతే ముందు పొగని నీ అరచేతి మీదికి ఊదుకో, నీకు వేడిగా ఉంటే మాకు నిప్పే. ఊదాక మా కడుపు నిండేదాకా ఆగు. మెల్లగా తెరువు, పని అవగానే మూసెయ్యి. వాన రోజున రాకు. ఊరికే చూసిపోదామని వస్తే ఉత్త చేతుల్తో రా, వాకిలి పక్కన కూర్చుని కబుర్లు చెప్పు.

మళ్లీ పూలకాలం వచ్చి వెళ్లింది. పసుపమ్మ కబురు పెట్టింది, పట్టు నిండింది వచ్చి తీసుకోమని. తోకయ్య బాబాయి మళ్లీ నిప్పు తెచ్చాడు, కాస్త సణిగాడు గానీ తెచ్చాడు. నల్లపూస పచ్చిగడ్డి కప్పి, అరచేతి మీద ఊదుకుని, చల్లగా ఉందని చూసుకుని, రెండే ఊదులు ఊదింది. ఆగింది. తీసుకుంది. మూసింది. ముక్కు ముక్కులాగే ఉంది.

పిడతలో నిప్పు మిగిలింది. చాలాకాలానికి దొరికిన నిప్పు కదా అని నల్లపూస గుగ్గిలం తీసింది. బుడంకాయని రమ్మని పిలిచింది. బుడంకాయ వచ్చింది, పొగ మీద పడుకుంది, కళ్లు గట్టిగా మూసుకుంది. కిక్కురుమనలేదు.

నల్లపూస చెయ్యి ఆగిపోయింది. వంగి పిల్ల గుండెమీద చెవి పెట్టింది. ఆ చిన్ని గుండె దడదడా కొట్టుకుంటోంది.

"బుజ్జీ, పొగ అంటే భయమా నీకు?"

బుడంకాయ కళ్లు తెరవకుండానే తల ఊపింది. "నువ్వు ఇష్టంగా వేస్తున్నావని ఊరుకున్నానమ్మా."

నల్లపూస పిడత మీద మట్టి పోసేసి, పిల్లని ఎత్తుకుని బండ మీద ఎండలో కూర్చుంది. తడి వెంట్రుకలు ఎండకే ఆరాయి. పక్కన తొర్రలో ఈగలు గుయ్యిమంటూనే ఉన్నాయి. పిల్ల తల్లి ఒళ్లోనే నిద్రపోయింది, చెట్టుదాకా వెళ్లకుండానే.

మీరూ ఉన్నారు, ఏదైనా నచ్చకపోతే ఇల్లెగిరిపోయేలా అరుస్తారు. అరవండమ్మా, అదే నయం.

నీతి: ప్రేమతో చేసేదైనా, ఎప్పుడు కావాలో ఎంత కావాలో అవతలివాళ్లని అడిగి చెయ్యాలి, వాళ్లు ఊరుకున్నారంటే నచ్చిందని కాదు.